దావత్‌లో మన గ్లాసు మనమే చెప్పుకునుడు: నా అనుభవం

బార్ అండ్ రెస్టారెంట్‌లో కుర్చీలు జరుపుకుని కూసున్నంక, వెయిటర్ నీళ్ల బాటిల్ పెట్టి "ఏం తెమ్మంటరు సార్" అని అడిగే దాకా ఓ రెండు నిమిషాల టైం ఉంటది. తాగనోడికి ఆ రాత్రంతా ఎట్ల గడుస్తదో ఆ రెండు నిమిషాల్లోనే తేలిపోతది. చాలామంది అప్పుడు ఫోన్ చూసుకుంట కూసుంటరు. పక్కోడు "నాలుగు బీర్లు, ఒక హాఫ్" అని చెప్పేసి, అందరూ తమ దిక్కు తిరిగినంక మెల్లగ "నాకేం వద్దు" అంటరు. దావత్‌లో ఆ మాటను "వద్దు" అని ఎవ్వరూ వినరు. "ఇంకొంచెం బతిమాలుండ్రి" అని వింటరు.

అందుకే నా ఆర్డర్ అందరికంటే ముందు పడుతది, అదీ పేరు పెట్టి. "అన్నా, నాకు ఫ్రెష్ లైమ్ సోడా. ఉప్పొద్దు, షుగర్ సగం, ఐస్ నిండా. ముందు నాదే పట్టుకరా." ఇంతే. ఎందుకు తాగనో చెప్పుడు లేదు, సారీలు లేవు. హన్మకొండ నక్కలగుట్ట కాడ పెద్ద హోటలైనా, నర్సంపేట రోడ్డు మీద చిన్న బారైనా వెయిటర్‌కు లైమ్ సోడా రోజూ వినే ఆర్డరే; వింతగ చూడడు. "ముందు నాదే" అనుడు మాత్రం మర్చిపోవద్దు. బీర్లు ఫ్రిజ్‌లో నుంచి సీదా టేబుల్ మీదికొస్తయ్. నిమ్మకాయ పిండే పని కిచెన్‌లోనో కౌంటర్ వెనకనో ఆలస్యమైతది. చెప్పకపోతే పది నిమిషాలు చేతులు ఖాళీగ ఉంటయ్, గొడవంతా ఆ పది నిమిషాల్లోనే మొదలైతది. చేతిల గ్లాసున్న మనిషికి ఇంకో గ్లాసు ఇయ్యాలంటే ఎవరికైనా కొంచెం మొహమాటమే.

కారణాల సంగతి. "రేపు పొద్దున డ్యూటీ ఉంది", "కడుపుల మంట", "ఇయ్యాల శనివారం", "ట్యాబ్లెట్లు వేసుకుంటున్న". కారణం చెప్పినమంటే దానికి మందు వెతికే డాక్టర్లు టేబుల్ నిండా ఉంటరు. శనివారమంటే "అయితే ఆదివారం కూసుందాం" అని అక్కడికక్కడే డేట్ పడుతది. కడుపుల మంట అంటే "బీరు చల్లగుంటది, ఏం కాదు" అంటరు. మాల వేసుకున్నోళ్లను చూడుండ్రి. అయ్యప్ప దీక్షలో ఉన్నన్ని రోజులు, మండలమంటే 41 రోజులు, ఒక్కడు కూడా "ఒక్క పెగ్గు" అనడు. స్వామి తన దిక్కు నుంచి కొత్తగ చెప్పేదేం ఉండదు, బేరానికి సందు దొరకది. మాల తీసిన మర్నాడే అదే దోస్తులు అదే మనిషి మీద పడుతరు. అందుకే గడువున్న సాకు నేను వాడను. "నేను తాగ బావా, సోడా చెప్పిన" అని ఒకసారి నవ్వుకుంట అంటే చాలు. రెండోసారి అడిగితే అదే మాట, అవే ముక్కలు. మూడోసారికి మాట మార్చి, అడిగినాయనకే స్టఫ్, అంటే మందుల నంజుకునే తిండి, ప్లేటు జరిపితే సరి. కొత్త కొత్త జవాబులు చెప్పుకుంట పోతే అదే ఆట అయిపోతది.

ఇగ ఏం తాగాలె అన్నది. మూడు గంటలు కూసునే కాడ ఇదేం చిన్న విషయం కాదు. థమ్స్ అప్ అందరికంటే సులువుగ దొరుకుతది, కానీ 250 మిల్లీలీటర్ల బాటిల్‌లో దాదాపు పాతిక గ్రాముల చక్కెర ఉంటది, అంటే ఐదారు చెంచాలు. రాత్రి మూడు బాటిళ్లు తాగితే చక్కెరకు తోడు కెఫీన్ కూడా ఎక్కుతది. ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టది. టానిక్ వాటర్ చేదుగుంటది కాబట్టి గుక్క గుక్కగ తాగబుద్దైతది, అదొక లాభం. ఆ చేదు క్వినైన్‌ది. చేదుంది కదా అని చక్కెర లేదనుకోవద్దు, అది కూడా బాగనే ఉంటది. షుగర్ ఉన్నోళ్లకు ఉత్త సోడా, నిమ్మకాయే మేలు.

లైమ్ సోడా చాలా కాడ సీసాలో ఉండే తీపి నిమ్మ సిరప్‌తో చేసి తెస్తరు. "స్వీటా, సాల్టా, మిక్సా" అని అడిగితే దాదాపు అదే అనుకోవచ్చు, షుగర్ వద్దన్నా తియ్యగనే వస్తది. ఈ బాధ లేకుండ సామాను విడివిడిగ తెప్పించుకునుడే నాకు నచ్చుతది: 600 మిల్లీలీటర్ల సోడా ఒకటి, రెండు నిమ్మకాయలు కోసి ప్లేట్లో, ఉప్పు వేరే, ఐస్ ఒక గిన్నెల. దీంతోని మూడు గ్లాసులైతయ్. ముందు గ్లాసుల నిమ్మరసం పిండాలె, ఉప్పు కావాలనుకునేటోళ్లు చిటికెడు అందులోనే కరగనియ్యాలె. తర్వాత ఐస్. ఆఖరుకు గ్లాసును వంచి, అంచు మీది నుంచి సోడా. చాలామంది సోడా పోసినంక పైన ఉప్పు వేస్తరు, అది బుస్సుమని పొంగి టేబుల్ మీద పడుతది. ఉప్పు పలుకు మీద గ్యాసంతా ఒక్కసారి బుడగలై లేచిపోవుడే అది. మిగిలేది చప్పటి నీళ్లు. ఐస్ రెండు ముక్కలేస్తే తొందరగ కరిగి రుచి పల్చబడుతది, గ్లాసు నిండా వేస్తే ఒకదాన్నొకటి చల్లగ ఉంచుకుని మెల్లగ కరుగుతది. తీపి కావాలంటే చక్కెర కాకుండ షుగర్ సిరప్ అడగాలె, చల్లటి సోడాలో చక్కెర అడుగుకే ఉంటది.

సోడా మీద సోడా కొడితే కడుపు ఉబ్బుతది. అందుకని ఒక గ్లాసు సోడా, ఒక గ్లాసు మామూలు నీళ్లు, ఇట్ల మార్చుకుంట పోవాలె. గ్లాసుకు అరగంట పైన పట్టినా పర్వాలేదు. మిర్చి ఎక్కువున్న చికెన్ తింటే దాని మీద మజ్జిగ అడుగుండ్రి. మెనూలో లేదంటరు. కానీ బిర్యానీ అమ్మే కాడ రైతా కోసం పెరుగు ఉండక తప్పది. "ఒక వంతు పెరుగు, మూడు వంతుల నీళ్లు, ఉప్పు, జీలకర్ర పొడి" అని విడమరిచి చెప్తే చేసి తెస్తరు. పైసలు సాల్ట్ లస్సీకి వేసినంత వేస్తరు, వెయ్యనియ్యుండ్రి.

మాక్‌టెయిల్స్ పేజీ దగ్గర జర జాగ్రత్త. హన్మకొండల చాయ్ దుకాణం పక్కన బండి మీద "మొజిటో" అంటే పుదీనా, నిమ్మకాయ, సిరప్, సోడా. అదే మాట బార్‌లో అంటే తెల్ల రమ్ము పోసిన గ్లాసు వస్తది, ఎందుకంటే అసలు మొజిటో అదే. బార్‌లో "వర్జిన్ మొజిటో" అనాలె, పినా కొలాడాకైనా అంతే. బ్లూ కలర్ డ్రింకులతో ఇంకో చిక్కుంది: బ్లూ క్యూరసావో అనేది మందు లేని సిరప్‌గా దొరుకుతది, అదే పేరుతో మందున్న లిక్కర్ కూడా ఉంది. "సిరప్‌తోనా, లిక్కర్‌తోనా" అని ఒక్క మాట అడిగితే అయిపోతది. పెద్ద హోటళ్లలో లైమ్ డ్రింకుల్లో బిట్టర్స్ అనే చేదు మూలికల అర్కు చుక్కలు వేసే అలవాటుంది. అంగోస్తురా బిట్టర్స్‌లో 44.7 శాతం ఆల్కహాలు. నాలుగు చుక్కలతోని మత్తేం రాదు గాని, దీక్షలో ఉన్నోళ్లకు, డాక్టర్ చెప్తే తాగుడు మానే గోలీ డైసల్ఫిరామ్ వాడేటోళ్లకు అది తెల్వాల్సిన సంగతే. ఆ గోలీ వాడే మనిషికి కొంచెం ఆల్కహాలు పడ్డా ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు మొదలైతయ్.

బీరు రుచే కావాలనుకునేటోళ్లకు హైనెకెన్ 0.0, బడ్వైజర్ 0.0, నిమ్మ రుచితో కింగ్‌ఫిషర్ రాడ్లర్ ఉన్నయ్. వాటి మీది అంకె చదవాలె. మన ఆహార భద్రతా నిబంధనల్లో 0.5 శాతం దాటితేనే మద్యం కింద లెక్క, కాబట్టి "నాన్ ఆల్కహాలిక్" అని రాసి ఉన్నంత మాత్రాన సున్నా అనుకోవద్దు, "0.0" అని ఉందో లేదో చూసుకోవాలె. రెండో చిక్కు బార్‌లో లైటింగ్‌ది. బడ్వైజర్, బడ్వైజర్ 0.0 పక్కపక్కన పెడితే ఆ మసక వెల్తుర్ల రెండూ అన్నదమ్ముల్లెక్కనే ఉంటయ్, వెయిటర్ కూడా తారుమారు చేస్తడు. మూత తియ్యకముందే ఫోన్ లైటు కొట్టి చూసుకునుడే. ఇంకోటి, దాన్ని గ్లాసుల పొయ్యొద్దు. రంగు ఒక్కటే కాబట్టి పక్కోడు గ్లాసు ఒడిసినట్టు ఉన్నదని తన బాటిల్‌లో నుంచి నింపేస్తడు, పాపం వాడికీ తెల్వదు. డబ్బాలోనుంచే తాగాలె. తాగుడు కొత్తగ మానినోళ్లకైతే నేను ఈ 0.0 బీర్లు చెప్పను. ఆ వాసన, ఆ నురుగు పాత కోరికను లేపుతయ్. వాళ్లకు లైమ్ సోడానే మేలు.

చీర్స్ అన్నప్పుడు గ్లాసు ఎత్తాలె, తప్పించుకోవద్దు. అక్కడ మందు కాదు ముఖ్యం, అందరితోని కలిసినమా లేదా అన్నదే. ఉత్త నీళ్లతో చీర్స్ కొట్టొద్దు అని కొందరికి పట్టింపు ఉంటది. సోడా గ్లాసైతే ఆ పేచీ రాదు. గ్లాసు పావు వంతుకు దిగక ముందే వెయిటర్‌కు చెయ్యి ఎత్తి "ఇంకోటి" అనాలె. ఖాళీ గ్లాసు కనిపిస్తే, అప్పటికి రెండు పెగ్గులు పడ్డ దోస్తు చెయ్యి దాని మీదికే పోతది.

తమాషాకని గ్లాసుల కలిపేటోళ్లు కొందరుంటరు. ఇది నవ్వే ముచ్చట కాదు. గోలీలు వాడే మనిషికైనా, ఆ రాత్రి స్టీరింగ్ పట్టాల్సిన మనిషికైనా ప్రాణం మీదికొస్తది. స్ప్రైట్‌లో వోడ్కా కలిస్తే కంటికి కనపడది, ముక్కుకు పెద్దగ తగలది. గొంతుల దిగేటప్పుడు వేడిగ గీరుకుపోతది, అదే గుర్తు. కోలా అయితే రంగు కింద రమ్ము దాస్తది. అందుకని బాటిల్ నా ముందు తెరిచిందే తాగుత, లేచి వాష్‌రూంకు పోతే తిరిగొచ్చినంక ఆ గ్లాసు ముట్టను, ఇంకోటి చెప్పుకుంట. సగం గ్లాసు సోడా పైసల కోసం చూసుకోవద్దు.

స్టఫ్ దగ్గర తాగనోడి మీద పాత నింద ఒకటుంది: మేమొక్క పెగ్గు తాగేలోపల వీడు ప్లేటంతా ఊడ్చేస్తడని. నిజమే, చేతికీ నోటికీ పని లేకపోతే పల్లీలు ఆగవు. బార్‌లో ఫ్రీగ పెట్టే ఉప్పు పల్లీలు, గుడాలు దాహం పెంచే సామానే. ఉప్పు తింటే ఇంకో గ్లాసు చెప్పుకుంటమని వాళ్ల లెక్క. నేను అందుకే సోడాలో ఉప్పు వద్దంట, ఉప్పంతా స్టఫ్‌లోనే వస్తది. బిర్యానీని కూడా ఆఖరుకు ఆపకుండ నాకొక్కనికి ముందే చెప్పుకుంట. తాగేటోళ్లు తిండికొచ్చేసరికి పదకొండైతది, అప్పటిదాకా ఉపాసముంటే చిరాకు మన ముఖం మీద కనపడుతది. అది చూసి "వీడికి బోర్ కొడుతుంది, ఒకటి పొయ్యుండ్రి" అంటరు.

తాళ్లల్లకు పోయినప్పుడు లెక్క వేరే. "కల్లు మందు కాదు, ఆరోగ్యం" అనే మాట మా దిక్కు పిల్లగాడికి కూడా వచ్చు. చెట్టు నుంచి కారే రసం తియ్యటి నీళ్లే. కానీ లొట్టిల, అంటే చెట్టుకు కట్టిన కుండల, పడ్డప్పటి నుంచే గాలిల, లొట్టిల ఉండే ఈస్టుతోని పులుసుడు మొదలైతది. కొన్ని గంటల్ల దాదాపు 4 శాతం ఆల్కహాలు తయారైతది, బీరుకు దగ్గర్లో అన్నట్టు. పొద్దుటి కల్లు తియ్యగుందని అందులో ఏం లేదనుకోవద్దు, తక్కువ ఉంటదంతే. నీరా అనేది వేరు: తెల్లారకముందే దించి, పులువకుండ లొట్టి లోపల సున్నం పూసో, చల్లగ పెట్టో తీసేది. ఆ ఏర్పాటు లేని చెట్టు కింద "నీరానే, తాగు" అని తాటాకు రేకల పోస్తే అది లేత కల్లే. ఎండకాలమైతే నా ఆర్డర్ సులువు: "గౌడన్నా, నాకు నాలుగు ముంజలు కొట్టియ్యరాదే." చేతిల పని, నోట్లె చల్లదనం, ఆయనకు నాలుగు రూపాయలు. ఈత కల్లు రోజుల్ల ముంజలుండవు, అప్పుడు ఇంటికాడి నుంచి మజ్జిగ బాటిల్ పట్టుకపోవుడే. ఒక్క గుక్కేనని దుకాణంల కల్లు పట్టిస్తరు చూడుండ్రి, అక్కడ ఇంకా భయముండాలె. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు తెలంగాణల మళ్లీ మళ్లీ పట్టుబడుతనే ఉంది. రోజూ అది తాగేటోళ్లయినా, రోజూ మందు తాగేటోళ్లయినా ఒక్కసారిగ బంద్ పెట్టి సోడాకు మారొద్దు. రెండు మూడు రోజుల్ల చేతులు వణుకుడు, ఫిట్స్, మతి తప్పుడు రావచ్చు; డాక్టర్‌ను కలిసే ఆపాలె.

బార్ కన్నా ఇంట్ల దావత్ కష్టం. అక్కడ వెయిటర్ ఉండడు, పోసేటోడు మామనో బావనో. దసరాకు అత్తగారింటికి పోయిన కొత్త అల్లుడు తాగనంటే, మర్యాద ఎక్కడ తక్కువైందోనని మామ మనసుల పడుతది. అక్కడ "వద్దు" అనేకంటే వేరేదొకటి అడుగుడు నయం. పోయే ముందు రోజే బామ్మర్దికి ఫోన్ చేసి, "బావా, నేను తాగనని మామకు నువ్వే చెప్పు, నాకు మాత్రం గోలీ సోడాలు తెప్పించి పెట్టుండ్రి" అని చెప్పాలె. అప్పుడు వాళ్లకు అల్లుని కోసం చేసే పని ఒకటి దొరుకుతది, సోడాలు ఐస్‌ల పెట్టుకుంట తిరుగుతరు. ఉత్త చేతులతోని కూసోబెట్టుడే వాళ్లకు నామోషీ, మందు లేకపోవుడు కాదు. దినాల కాడ, పిట్టకు పెట్టేనాడు పంక్తిల మందు వస్తే గ్లాసు బోర్లించి పక్కనోళ్లకు జరిపితే చాలు, అక్కడ బతిమాలుడు తక్కువే.

బోనాలప్పుడు కల్లు సాక వేరే సంగతి. సాక అమ్మవారి ముందట పోసేది. తర్వాత ప్రసాదమని అరచేతిల పోస్తే కండ్లకద్దుకుని యాప చెట్టు మొదట్ల వదిలితే, నేను చూసినంతల పెద్దమనుషులెవ్వరూ తప్పు పట్టరు. చెయ్యి వెనక్కి గుంజుకుంటేనే మాట వస్తది. మేడారం పోయినప్పుడు గుడారాల కాడ యాటలు, మందు మామూలే. అక్కడ నాకు పనికొచ్చేది బంగారం, అంటే బెల్లం. చిన్న నిమ్మకాయంత ముక్కను పెద్ద గ్లాసు నీళ్లలో కరిగించి, అర చెక్క నిమ్మకాయ పిండితే సోడా దొరకని కాడ మంచి పానకం.

బిల్లు ముచ్చట బిల్లు వచ్చినంక మాట్లాడితే పిసినారితనం లెక్కుంటది, కూసున్నప్పుడే మాట్లాడితే ఏం ఉండదు. మద్యానికి జీఎస్టీ లేదు, వ్యాట్ వేరే. తిండికి, కూల్‌డ్రింకులకు జీఎస్టీ. అందుకని బార్ బిల్లులో తిండి, మందు మామూలుగ విడివిడిగనే కనపడుతయ్, లేకుంటే "రెండు బిల్లులు కొట్టన్నా" అని మొదట్లనే చెప్పాలె. లెక్క కోసం ఐదుగురనుకుందాం, తిండి 2,400, మందు 4,500. అందరి మీద సమానంగ కొడితే తలా 1,380. తిండి ఐదుగురికి, మందు నలుగురికే పంచితే నాకు 480, వాళ్లకు తలా 1,605. తేడా 900 రూపాయలు. నెలకు రెండు దావత్‌లైతే ఇది చిన్న మొత్తం కాదు. సోడా, నీళ్ల బాటిల్ మీద ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేసినా గొడవ పెట్టుకోవద్దు. కూసోబెట్టి వడ్డించే హోటళ్లు అట్ల తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్వీస్ చార్జి మాత్రం మన ఇష్టం, వద్దంటే తీసెయ్యాలె.

బండి తాళాలు ఎట్లయినా తాగనోడి చేతికే వస్తయ్. వచ్చే ముందే టైం మాట్లాడుకుంట: "పదిన్నరకు లేస్తున్న, నాతోని వచ్చేటోళ్లు అప్పుడు రావాలె, లేకుంటే ఆటో." డ్రంక్ అండ్ డ్రైవ్ హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చూసేది స్టీరింగ్ మీదున్నోడినే, వెనక సీట్ల ముగ్గురూ పాటలు పాడుతున్నా సరే. కానీ బయలుదేరే ముందు ఆల్కహాలున్న మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే మిషన్ కాసేపు తప్పు చూపెడుతది. అట్లాంటిది వాడితే నీళ్లతో పుక్కిలించి పావుగంట ఆగాలె. దించే వరుస కూడా ముందే అనుకోవాలె. ఎక్కువ తాగినోడిని, వాంతి చేసుకునేటట్టున్నోడిని ముందు దించాలె, వాళ్ల ఇల్లు కాజీపేట అవతల ఉన్నా సరే, లేకుంటే పొద్దున సీట్లు కడిగే పని మనకే మిగులుతది.